కాంటూరు మీద కుర్చీ

“కొల్లేటి ఐదో కాంటూరును రాష్ట్ర మంత్రివర్యులు శ్రీ పాపారావుగారు స్వయంగా, తమ సొంత కళ్లతో వీక్షించబోతున్నారు!” అని ఆటోకి మైకు కట్టి ఏలూరు వీధులన్నీ తిప్పిన రోజున జనం పనులు మానుకుని గుమ్మాల్లోకి వచ్చారు. ఐదో కాంటూరు మాట అప్పటికి చాలాకాలంగా వింటున్నాం. దాన్ని చూసినవాడు మాత్రం జిల్లాలో లేడు.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. కాంటూరంటే సముద్రమట్టానికి ఇంత ఎత్తు అని ఇంజనీర్లు మ్యాపు మీద గీసుకునే గీత. ఐదో గీతకి లోపల ఉన్నదంతా కొల్లేరేననీ, అక్కడ చేపల చెరువులు తవ్వడం నేరమనీ, వాటి గట్లు కొట్టేస్తామనీ ప్రభుత్వం చెప్పింది. గీతకి బయట చెరువున్నవాడు ఆదర్శ రైతు, లోపల ఉన్నవాడు ఆక్రమణదారు. గీత మ్యాపు మీద చక్కగా ఉంది. నేల మీద ఎక్కడుందో ఎవరికీ తెలీదు. అందుకే మంత్రిగారు కదిలారు.

మా అత్తగారు సారమ్మగారికి కొమ్ములంకలో ఓ చెరువుంది. పెద్దవాళ్ల చెరువుల్లా కారేసుకుని చుట్టి రావాల్సినది కాదు. ఈ గట్టు మీద నిలబడి పిలిస్తే ఆ గట్టు మీద మనిషి పలుకుతాడు. మామగారు పోయాక ఆవిడ బతుకంతా దాని మీదే. “అల్లుడుగారూ, ఆ గీత మనకి ఇటుందో అటుందో ఆ పేపరాయన్ని అడిగి చెప్పండి బాబూ” అని మా ఆవిడ పెర్సిస్‌తో వారం వారం కబురు పెట్టేవారు.

ఆ పేపరాయన నాకు బాగా తెలుసు. తొలికేక దినపత్రిక విలేకరి భీమశంకరంగారు. ఏలూరు పాత బస్టాండు పక్కనున్న నా ఎస్టీడీ, ఫ్యాక్స్, జిరాక్స్ కొట్టు నుంచే ఆయన వార్తలన్నీ విజయవాడ వెళ్లేవి. ఆ విధంగా నెల్సన్ అనే నేను కూడా పత్రికా రంగంలో ఓ చెయ్యి వేసినవాణ్ణే.

భీమశంకరంగారు పుట్టుకతోనే మహానుభావులు కారు. తాడేపల్లిగూడెం మార్కెట్లో ఉల్లిపాయల ధరలు రాసే పనితో జీవితం మొదలుపెట్టారు. ఓ రోజు వాన పడుతుంటే మార్కెట్‌కి వెళ్లడానికి బద్ధకించి, ఇంట్లోనే కూర్చుని ‘ఉల్లి ధర పెరిగే సూచనలు’ అని రాసి పంపించారు. మర్నాడు పేపరు చూసుకుని వ్యాపారులు ధర పెంచేశారు. భీమశంకరంగారికి జ్ఞానోదయమైంది. జరిగింది రాయడం గుమాస్తా పని అనీ, రాసింది జరగడం జర్నలిజమనీ ఆయనకి ఆ వానలోనే తెలిసింది. ఇంతటివాడు ఉల్లిపాయల దగ్గర ఉండిపోకూడదని ఏలూరు వచ్చి రాజకీయాల మీద పడ్డారు.

రాజకీయ వార్తకి ప్రాణం ‘విశ్వసనీయ వర్గాలు’. అవి ఎక్కడుంటాయో చాలాకాలం నాకు తెలీదు. ఓసారి ఫ్యాక్స్ వెళుతుండగా ఆయన గోళ్లు గిల్లుకుంటూ, “నెల్సన్‌గారూ, మన మంత్రిగారి పదవి ఉంటుందంటారా?” అని అడిగారు.

“ఏమోనండీ, నాకేం తెలుసు?” అన్నాను.

మర్నాడు మొదటి పేజీలో ‘మంత్రి పదవిపై విశ్వసనీయ వర్గాల్లో అయోమయం’ అని వచ్చింది. అప్పట్నుంచి ఆయన ముందు నోరు విప్పేటప్పుడు నేను కాస్త బాధ్యతగా ఉండేవాణ్ణి.

ఇన్ని చేసినా ఆయన హోదా నెలజీతం లేని కంట్రిబ్యూటరే. పొలిటికల్ కరస్పాండెంటు కావాలి, హైదరాబాదు బ్యూరోకి వెళ్లాలి, మెడలో అసెంబ్లీ పాసు వేలాడాలి. అదీ ఆయన కోరిక. ఆ పాసు కోసమే ఆయన మెడ ఎప్పుడూ కొంచెం ముందుకి వంగి ఉండేది.

మంత్రిగారు కాంటూరు చూసే రోజు రానే వచ్చింది. పత్రికలవాళ్ల ఇబ్బంది ఏమిటంటే, జిల్లా పేజీ సాయంత్రం ఆరింటికి మూసేస్తారు. మంత్రులు ఆరు దాటితేగానీ రారు. అందుకని సభ జరగకముందే వార్త వండి పంపడం ఆనవాయితీ. ‘పిలుపునిచ్చారు’, ‘పేర్కొన్నారు’, ‘హామీ ఇచ్చారు’ అని రాసేస్తే మంత్రిగారు తరవాత తీరిగ్గా వచ్చి పిలుపునిచ్చి, పేర్కొని, హామీ ఇచ్చి వెళతారు. భీమశంకరంగారు మధ్యాహ్నమే నా కొట్టుకొచ్చి కాయితాలు అందించారు. శీర్షిక ‘కాంటూరుపై కంటతడి’. మంత్రిగారు ఐదో కాంటూరు మీద నిలబడ్డారు, వంగారు, దాన్ని చేత్తో తాకి కళ్లకద్దుకున్నారు, కంటతడి పెట్టుకున్నారు.

“అది గీత కదండీ, కనబడదంటారు. తాకడమేమిటండీ?” అన్నాను.

“మీకు కనబడదండీ. మంత్రిగారికి కనబడకపోతే ఇంక ప్రభుత్వం ఎందుకండీ?” అన్నారాయన.

నేను సిగ్గుపడి ఫ్యాక్స్ చేశాను.

ఆ రోజు మంత్రిగారు చినతిరుపతిలో దర్శనం చేసుకుని కొల్లేటికి బయల్దేరారు. భీమడోలు రైల్వే గేటు దగ్గర కారాగింది. గేటు వేసి ఉంది. ఓ గూడ్సు వెళ్లింది. దాని వెనక ఇంకో గూడ్సు వచ్చి, మంత్రిగారిని చూసి ఆగిపోయినట్టు అక్కడే ఆగింది. ఎండలో మంత్రిగారిని నిలబెట్టడం ఇష్టంలేక గేటు పక్కింటి కార్యకర్త భోజనానికి పిలిచాడు. కొరమీను పులుసు. ఆ పైన కునుకు. లేచేసరికి గేటు తీసే ఉందిగానీ, వచ్చిన పని మంత్రిగారికి గుర్తులేదు. కారు వెనక్కి తిరిగింది. ఇదంతా మంత్రిగారి డ్రైవరు మర్నాడు నా కొట్లో వాళ్లావిడకి ఫోన్ చేస్తూ గట్టిగా చెప్పాడు. బూతులో నిలబడి రహస్యం మాట్లాడేవాళ్లు ఎప్పుడూ గట్టిగానే మాట్లాడతారు.

కానీ పేపర్లో మంత్రిగారు అప్పటికే కంటతడి పెట్టేసుకున్నారు.

మిగతా పత్రికల విలేకరులు తెల్లారేసరికి తొలికేక చూసి వణికిపోయారు. ఆ లోకంలో అబద్ధం రాయడం తప్పు కాదు, వార్త మిస్సవడం తప్పు. ‘మంత్రి ఏడిస్తే మనకెందుకు రాలేదు?’ అని ప్రతి ఆఫీసు నుంచీ మెమో వచ్చింది. మంత్రి రాలేదని రాస్తే, నువ్వు వెళ్లలేదంటారు. అందుకని మర్నాడు అందరూ అంతకు మించి రాశారు. ఒకాయన, కాంటూరు చూడ్డానికి ఎర్రగా ఉందని రాశాడు. ఇంకొకాయన, మంత్రిగారు దాన్ని దాటబోయి తడబడ్డారనీ, కార్యకర్తలు పట్టుకున్నారనీ రాశాడు. మూడో రోజుకి కాంటూరు పొడవు, వెడల్పుతో సహా వచ్చింది.

భీమశంకరంగారు మాత్రం నా కొట్లో స్టూలు మీద కూర్చుని చెమటలు కక్కుతున్నారు. మంత్రిగారు ఖండన ఇస్తే పాసు సంగతి అటుంచి, మళ్లీ ఉల్లిపాయలే. అప్పుడే ఆయన సెల్ మోగింది. బ్యాటరీ పాతదవడంతో ఆయన ఎప్పుడూ స్పీకరు పెట్టే మాట్లాడతారు.

“భీమశంకరంగారూ, నేను కంటతడి పెట్టుకున్నానాండీ?” అన్నారు మంత్రిగారు.

“పెట్టుకున్నారండీ.” ఆయన గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది.

“ఏ కంట్లోనండీ?”

“రెండు కళ్లలోనూనండీ.”

“బాగా రాశారండీ. మా ఆవిడ చదివి, మీరింత సున్నితమని తెలీదండీ అంది. మరి ఫొటో వెయ్యలేదేం?”

“కన్నీళ్లలో మీ మొహం సరిగ్గా పడలేదండీ.”

“ఈసారి చూసుకోండి” అని మంత్రిగారు పెట్టేశారు.

ఆ ‘ఈసారి’తోనే చిక్కొచ్చింది. మంత్రిగారు హైదరాబాదులో ప్రెస్ మీట్ పెట్టి, కాంటూరును తాను తాకి చూశానని ప్రకటించారు. ప్రతిపక్షం వాళ్లు, తాము అధికారంలో ఉండగా అంతకంటే పెద్ద కాంటూరు చూశామన్నారు. దమ్ముంటే అఖిలపక్షానికి చూపించమని సవాలు విసిరారు. చూపించడమే కాదు, అక్కడ కర్ర పాతించి, ఆ లోపలి చెరువులన్నీ వారంలో కొట్టిస్తానని మంత్రిగారు శపథం చేశారు.

ఆ శపథం కాగితమై ఎమ్మార్వో విజయదుర్గగారి బల్ల మీద పడింది. ఆవిడ సర్వేయరుని పిలిచి, మంత్రిగారు నిలబడ్డ చోటు చూపించమన్నారు. కొలిచి చెప్పడానికి నెలలు పడతాయండీ అన్నాడాయన. ఆవిడ నేరుగా నా కొట్టుకొచ్చారు.

“భీమశంకరంగారూ, కాంటూరును చూసినవాళ్లు లోకంలో ఇద్దరేనండీ. మంత్రిగారూ, మీరూ. మంత్రిగారిని మేం అడగలేం. మీరొచ్చి చూపించాలి.”

భీమశంకరంగారు నా వైపు చూశారు. నేను ఫ్యాక్స్ మిషను తుడవడం మొదలుపెట్టాను.

ఆ కబురు కొల్లేరంతా పాకింది. పేపరాయన ఎక్కడ వేలు పెడితే అక్కడ గీత అని తెలిశాక కొరమీనులు రావడం మొదలైంది. భీమశంకరంగారు శాకాహారి. వాసనే పడదు. అంచేత ఆయనకొచ్చిన చేపలన్నీ మా ఇంటికి చేరేవి. పెర్సిస్ వేపుడు చేసింది, పులుసు పెట్టింది, చుట్టుపక్కల పంచింది, చివరికి దణ్ణం పెట్టింది. కలిదిండి నుంచి కూడా ఒకాయన బుట్టతో వచ్చాడు. “కలిదిండి కృష్ణా జిల్లా కదండీ, అది మా పేజీ కాదు. కాంటూరు మా జిల్లా పేజీలోనే ఉంటుంది” అని భీమశంకరంగారు నిజాయితీగా వెనక్కి పంపేశారు.

మా అత్తగారు చేపలు తేలేదు. ఒట్టి చేతులతో వచ్చి, కొట్టు మెట్టు మీద కూర్చున్నారు. “నా దగ్గరున్నవి ఆ చెరువులోవేనండీ బాబూ. అవి పట్టిచ్చేస్తే ఇంక చెరువెందుకు? మీరు మా ఊరొస్తే మజ్జిగిస్తాను. అంతేనండీ నాకున్నది” అన్నారు ఆయనతో.

“న్యాయం జరుగుతుందండీ” అన్నారు భీమశంకరంగారు. ఆయన ఆ మాట అందరితోనూ అన్నారు. నాకు ఆవేళ అన్నం సయించలేదు.

అఖిలపక్షం రోజు ఆయన బయల్దేరే ముందే వార్త నాకిచ్చారు. ‘కాంటూరు కళ్లముందే!’ అని శీర్షిక. మంత్రి చిరునవ్వు, ప్రతిపక్షం తలవంపు, ప్రజల హర్షధ్వానాలు అన్నీ ఉన్నాయి. ఒక్కచోట మాత్రం ఖాళీ వదిలారు. ‘మంత్రి పాపారావు ఆనాడు నిలబడిన చోటు, అనగా ఐదో కాంటూరు, ............ అని నిర్ధారణ అయింది.’

“స్థలం పేరు అక్కణ్నుంచి ఫోన్‌లో చెబుతానండీ. ఆ ఖాళీ పూరించి కొట్టేయండి” అన్నారు. మొదటిసారి ఆయన వార్తలో ఏదో జరిగేదాకా ఆగాల్సి వచ్చింది. మనిషి నీరసంగా ఉన్నారు.

అక్కడ జరిగింది తరవాత మా అత్తగారు చెప్పారు. మంత్రిగారు ఇంకా రాలేదు. అఖిలపక్షం గొడుగులేసుకుని వచ్చింది. ఎమ్మార్వోగారు, కర్ర పట్టుకుని సర్వేయరు, ముందు భీమశంకరంగారు. ఆయన మొదటి గట్టెక్కి ఆగబోయారు. ఆ చెరువు ఆసామిగారి మనుషులు పదిమంది వచ్చి, “ఇక్కడ కాదండీ, ఇంకాస్త ముందుకండీ” అని ఎంతో మర్యాదగా ఆయన మోచేయి పట్టుకుని నడిపించారు. రెండో గట్టు మీద పాతికమంది ఉన్నారు. “అయ్యో, ఇక్కడెక్కడండీ, మీరు మర్చిపోయినట్టున్నారు, అవతలండీ” అన్నారు. మూడో గట్టు అధికార పార్టీ వాళ్లది, నాలుగోది ప్రతిపక్షానిది. ఆ రెండు చోట్లా అఖిలపక్షం ఏకగ్రీవంగా “ముందుకండీ, ముందుకండీ” అంది. అలా గట్టు మీంచి గట్టుకి, ఎండలో, బురదలో, మనిషి చేతుల్లోంచి మనిషి చేతుల్లోకి మారుతూ భీమశంకరంగారు కొమ్ములంక చేరారు. చెప్పు ఒకటి ఎక్కడో పోయింది.

చివర్న ఉన్న చిన్న గట్టు మీద ఎవరూ అడ్డం రాలేదు. ఓ ముసలావిడ మాత్రం పాకలోంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది. “ఎండన పడి వచ్చారు. కూర్చోండి బాబూ, మజ్జిగ తెస్తాను” అంది.

భీమశంకరంగారు కూర్చున్నారు.

సర్వేయరు కుర్చీ పక్కన కర్ర పాతేశాడు. దాటొచ్చిన పెద్ద చెరువులన్నీ గీతకి బయటపడ్డాయి, ఆవిడ చెరువు లోపల పడింది. అఖిలపక్షం చప్పట్లు కొట్టింది.

కొట్లో ఫోన్ మోగింది. “నెల్సన్‌గారూ, దొరికేసిందండీ!” భీమశంకరంగారి గొంతులో ప్రాణం తిరిగొచ్చింది. “ఖాళీలో ‘కొమ్ములంక సారమ్మ చెరువు గట్టు’ అని రాసి కొట్టేయండి. ఉండండి, ఈవిడెవరో, ఎక్కడో చూసినట్టుంది, మీతో మాట్లాడతారట.”

“అల్లుడుగారూ,” అన్నారు మా అత్తగారు, “కూర్చోమన్నానండీ. అంతేనండీ నేనన్నది. మనింటికొచ్చిన మనిషిని కూర్చోమనకూడదాండీ?” ఇంకేదో అనబోయారు. ఫోన్ పెట్టేశారు.

నేను కాయితం ముందేసుకుని కూర్చున్నాను. నాకు కోపం వచ్చింది. ఎవరి మీద రావాలో తెలియక ఫ్యాక్స్ మిషను మీద వచ్చింది. కాసేపటికి తగ్గింది. చదువులో నేను అంతంతమాత్రమే అయినా ‘ఖాళీలను పూరింపుము’లో ఎప్పుడూ మార్కులు పోగొట్టుకోలేదు. ప్రశ్న మళ్లీ చదివాను. మంత్రిగారు ఆనాడు నిలబడిన చోటు ఏది? నాకు తెలిసింది ఒక్కటే. ‘భీమడోలు రైల్వే గేటు’ అని గుండ్రంగా రాసి ఫ్యాక్స్ కొట్టేశాను.

పొద్దున్నే భీమశంకరంగారు ఒంటి చెప్పుతో పరిగెత్తుకొచ్చారు.

“ఎంత పని చేశారండీ! నా వార్తలో నిజం కలుపుతారా? ఇన్నేళ్ల సర్వీసులో నా మీద ఇంత మచ్చ పడలేదండీ!”

నేను జవాబు చెప్పేలోపే సెల్ మోగింది. మంత్రిగారు.

“భీమశంకరంగారూ, మీ జ్ఞాపకశక్తికి దణ్ణమండీ! గేటు దగ్గరేనండీ! నేనే మర్చిపోయాను. నిలబడ్డాను, ఎండ, పక్కన గూడ్సు బండి. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి, పులుసు కాస్త ఘాటెక్కింది. నిన్న కూడా అక్కడిదాకా వచ్చానండీ, మళ్లీ గేటు పడింది. అంటే నేను రెండుసార్లు కాంటూరు మీద నిలబడ్డట్టేగా?”

“రెండుసార్లేనండీ” అన్నారు భీమశంకరంగారు నిటారుగా నిలబడి.

తరవాత ఫోన్ ఎమ్మార్వోగారికి వెళ్లింది. “కర్ర ఎక్కడ పాతారమ్మా?” “కొమ్ములంకలోనండీ.” “పేపరు చదవరా మీరు?” సాయంత్రానికల్లా విజయదుర్గగారు కర్ర పీకించి, జీపులో వేసుకెళ్లి, భీమడోలు గేటు పక్కన పాతించారు. మిగతా పత్రికలు వార్త మిస్సవకూడదని, కాంటూరు మొదట్నుంచీ గేటు దగ్గరే ఉందని రాశాయి. అది ఎర్రగా ఉందని రాసినాయన, ఆ ఎరుపు గేటు రంగని వివరణ ఇచ్చాడు.

ఇబ్బందల్లా సర్వేయరు వల్ల వచ్చింది. ఆయన మ్యాపు పట్టుకొచ్చి, “కాంటూరంటే చుట్టూ ఒకే ఎత్తండీ. గేటు ఎత్తులో గీత గీస్తే కొల్లేటి చెరువులన్నీ లోపలికే వచ్చాయి. భీమడోలు బజారు కూడా వచ్చింది. ఇటు పెద్ద చెరువులన్నీ, అటు మంత్రిగారి రైస్ మిల్లూ...” అని చదువుకుంటూ పోయాడు. మంత్రిగారు మధ్యలోనే ఆపించి, రైతుల పట్ల మానవతా దృక్పథంతో అసలు కాంటూరంటే ఏమిటో తేల్చడానికి కమిటీ వేశారు. కమిటీ తేల్చేదాకా ఒక్క గట్టూ కొట్టకూడదన్నారు. కమిటీ మొదటి సమావేశం గేటు దగ్గరే పెట్టారు. గేటు పడడం వల్ల సభ్యులు సగం అటు, సగం ఇటు ఉండి చర్చించుకున్నారు.

ఇంతటి ఘనవిజయం సాధించిన భీమశంకరంగారిని పత్రిక గుర్తించింది. పొలిటికల్ కరస్పాండెంటుగా హైదరాబాదు బ్యూరోకి వేశారు. పాత బస్టాండు దగ్గర ‘కొల్లేటి కలం సింహం’ అని ఫ్లెక్సీ కట్టారు. మెడలో వేసుకోవడానికి పాసు ఇంకా రాలేదుగానీ, ఫొటోలో పాసు ఉంది.

వారం తిరక్కుండా విజయవాడ నుంచి నా కొట్టుకి ఫోన్ వచ్చింది. “ఏలూరుకి మనిషి కావాలండీ. భీమశంకరంగారు మీ పేరు చెప్పారు. మీకు రాయడం వచ్చా?”

“రాదండీ. ఖాళీలు పూరించడం వచ్చు.”

“రేపే చేరండి” అన్నారు.

తొలికేక సంచీ భుజాన వేసుకుని, కమిటీ కొల్లేటి పర్యటన వార్త జేబులో పెట్టుకుని కొమ్ములంక వెళ్లాను. వార్త పొద్దున్నే రాసేశాను. పర్యటన మూడింటికి. మా అత్తగారు గట్టు మీద చేపలకి తవుడు చల్లుతున్నారు. నన్ను చూసి మొహం విప్పారింది. “రండి బాబూ, రండి” అంటూ పాకలోకి వెళ్లి ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని బయటికొచ్చారు. సగం దూరం వచ్చి ఆగారు. నా భుజాన సంచీ చూశారు. చెరువు వైపు చూశారు. కుర్చీ తీసుకెళ్లి మళ్లీ లోపల పెట్టి, మజ్జిగ గ్లాసుతో వచ్చారు.

“నిలబడే తాగండి బాబూ” అన్నారు.